చూడని డ్రాయింగు మీద ముద్ర
(సింగపూర్‌లో జరిగిన మన సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



సైటు భద్రత గురించి మాట్లాడమని నన్ను అడిగారు. హెల్మెట్టు, హార్నెస్సు, బూట్లు... వీటి గురించి మీకు రోజూ పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగులో చెప్తూనే ఉంటారు. సూపర్‌వైజర్‌గా నేనూ చెప్తూనే ఉంటాను. అందుకని ఈరోజు వాటిని పక్కన పెడుతున్నాను. పైనుంచి రాయి పడితే హెల్మెట్టు ఆపుతుంది. స్లాబే పడితే హెల్మెట్టు ఏం చేస్తుంది? స్లాబు నిలబడాలంటే డ్రాయింగు సరిగ్గా ఉండాలి. డ్రాయింగు సరిగ్గా ఉందని పూచీ పడేది దాని మూలన ఉండే ఇంజినీరు ముద్ర, సంతకం. నేను మాట్లాడేది ఆ ముద్ర గురించి.

తాను గీయనిది, తన పర్యవేక్షణలో ఎవరూ గీయనిది, కనీసం లెక్కలు కూడా తిరగేసి చూడనిది అయిన డ్రాయింగు మీద ఇంజినీరు ముద్ర వేస్తే అది ఎందుకు తప్పు? చట్టం ఏమంటుంది? అందులో మన పని ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకే పరిమితమవుతాను.

ఇది ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అని కొందరికి అనిపించొచ్చు. ఒక్కసారి ఆలోచించండి. ఇంజినీరు ఏసీ గదిలో కూర్చొని ముద్ర వేస్తాడు. ఆ కాగితం సైటుకు వచ్చాక దాని కింద నిలబడేది ఎవరు? సెంట్రింగ్ కొట్టేవాడు, ఇనుము కట్టేవాడు, కాంక్రీటు పోసేవాడు. లెక్క తప్పితే ముందు ప్రాణం పోయేది వాళ్లదే. కాబట్టి ఈ గొడవలో అందరికంటే ఎక్కువ వాటా మనదే.

తెల్లకాగితం మీద వేలిముద్ర

మన తాతల కాలంలో షావుకారు దగ్గర అప్పుకు పోతే తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడని చెప్పుకుంటారు. తర్వాత ఆ కాగితంలో షావుకారు ఏం రాసుకుంటే అదే అప్పు. చదవని కాగితం మీద ముద్ర వేయొద్దని ఊళ్లో పెద్దలు అందుకే చెప్పేవారు.

చూడని డ్రాయింగు మీద ఇంజినీరు వేసే ముద్ర కూడా అలాంటిదే. ఒక్కటే తేడా. మన తాత వేలిముద్ర వేస్తే ఆ అప్పు తాతే తీర్చాడు. ఇంజినీరు ముద్ర వేస్తే ఆ అప్పు తీర్చేది వేరేవాళ్లు. అందులోనూ, తమ పేరు మీద అప్పు ఉందనే సంగతే తెలియనివాళ్లు.

డ్రాయింగు మీద ముద్ర అంటే అలంకారం కాదు, ఆఫీసు రబ్బరు స్టాంపూ కాదు. "దీన్ని నేను చేశాను, లేదా నా కళ్లముందు చేయించాను. బరువులు లెక్కపెట్టాను. దీనికి బాధ్యత నాది" అని ఆ ఇంజినీరు ఊళ్లోవాళ్లందరికీ ఇచ్చే మాట అది. డబ్బులు కట్టిన యజమానికి ఒక్కడికే ఇచ్చిన మాట కాదు. రేపు ఆ ఇంట్లో పడుకోబోయే చంటిపిల్లకు కూడా ఇచ్చిన మాట.

సెరంగూన్ రోడ్డులో ఏం జరిగింది

మనలో చాలామందికి ఆదివారం వచ్చిందంటే లిటిల్ ఇండియానే. సరుకులు, ఇంటికి డబ్బులు పంపడం, దోస్తులను కలవడం అన్నీ అక్కడే. అక్కడినుంచి సెరంగూన్ రోడ్డు మీద ఫారర్ పార్క్ వైపు నడిస్తే ఓవెన్ రోడ్డు మూల వస్తుంది. ఆ మూలన ఒకప్పుడు లియాన్ యాక్ బిల్డింగ్ అని ఆరు అంతస్తుల భవనం ఉండేది. కింద బ్యాంకు, పైన నైట్‌క్లబ్బు, ఆపైన హోటల్ న్యూ వరల్డ్. జనం హోటల్ న్యూ వరల్డ్ అనే పిలిచేవాళ్లు.

1986 మార్చి 15, శనివారం. పదకొండున్నర కావస్తుండగా ఆ భవనం మొత్తం నిమిషం లోపలే కూలిపోయింది. 33 మంది చనిపోయారు. 17 మందిని ప్రాణాలతో బయటికి తీశారు. అప్పుడు ఎంఆర్‌టీ సొరంగాలు తవ్వుతున్న విదేశీ నిపుణులు కూడా వచ్చి, శిథిలాల కింద సొరంగం తవ్వి మనుషులను కాపాడారు. పరాయి దేశం నుంచి పనికోసం వచ్చినవాళ్లు ఈ ఊరికి చేసిన మేలు అది. ఈ మాట మన వేదికలో గుర్తుచేసుకోవడం బాగుంటుంది.

ఎందుకు కూలింది? బాంబు అనుకున్నారు, గ్యాసు అనుకున్నారు, ఎంఆర్‌టీ తవ్వకాలు అనుకున్నారు. విచారణలో అవేవీ కావని తేలింది. భవనం కట్టిన తర్వాత పైన పెట్టిన బరువులు కూడా అసలు కారణం కాదు, అవి లేకపోయినా అది ఏదో ఒకరోజు కూలేదే. దాని స్ట్రక్చరల్ డిజైన్ చేసింది అర్హతగల ఇంజినీరు కాదు, ఒక డ్రాఫ్ట్స్‌మన్. ఆయన లెక్కలో మనుషులు, సామాన్ల బరువు ఉంది. భవనం సొంత బరువు లేదు.

ఈ మాట మీకు అర్థమైనంతగా ఆఫీసులో కూర్చునేవాళ్లకు అర్థం కాదు. ఒక ఘనపు మీటరు కాంక్రీటు దాదాపు 2,400 కిలోలు. 150 మిల్లీమీటర్ల మందం స్లాబు 10 చదరపు మీటర్లు వేస్తే, అంటే మన డార్మిటరీలో చిన్న గదంత వేస్తే, మూడున్నర టన్నుల పైమాటే. అంత బరువునూ లెక్కలో వదిలేశారు. ఆ భవనం 1971లో పూర్తయింది. పదిహేనేళ్లు నిలబడింది. "ఇన్నాళ్లు నిలబడింది కదా, ఏమీ కాదులే" అని ఎవరన్నా అంటే ఈ పదిహేనేళ్ల లెక్క చెప్పండి.

డ్రాఫ్ట్స్‌మన్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేనూ డిప్లొమా చదివినవాడినే. గీయడం ఒక విద్య, బరువులు లెక్కకట్టి నిలబెట్టడం ఇంకో విద్య. రెండో విద్య ఉన్నవాడు కూర్చొని చూడాల్సిన చోట ఎవరూ చూడలేదు. లోపం అక్కడుంది.

ఆ తర్వాత వచ్చిన చట్టం

ఆ ప్రమాదం తర్వాత సింగపూర్ 1989లో బిల్డింగ్ కంట్రోల్ చట్టం తెచ్చింది. మనకు పనికొచ్చేంతవరకు దాని సారాంశం చెప్తాను.

మొదటిది, క్వాలిఫైడ్ పర్సన్. సైట్లో క్యూపీ అంటారు. రిజిస్టరై ఉన్న ఆర్కిటెక్టు గానీ, ప్రొఫెషనల్ ఇంజినీరు గానీ అయి ఉండాలి. స్ట్రక్చరల్ ప్లాన్లు ప్రొఫెషనల్ ఇంజినీరే చేయాలి.

రెండోది, అక్రెడిటెడ్ చెకర్. క్యూపీ చేసిన డిజైన్‌ను ఇంకొక అనుభవమున్న ఇంజినీరు విడిగా మళ్లీ లెక్కగట్టి చూడాలి. ఆయనకు ఆ ప్రాజెక్టులో ఏ లాభమూ ఉండకూడదు. డెవలపర్ మనిషి కాకూడదు, కాంట్రాక్టర్ మనిషి కాకూడదు.

మూడోది, సైటు పర్యవేక్షణ. ముఖ్యమైన స్ట్రక్చరల్ పనులు జరిగేటప్పుడు ప్లాను ప్రకారమే జరుగుతున్నాయా అని చూసే మనుషులు సైట్లో ఉండాలి. రెసిడెంట్ ఇంజినీరు, రెసిడెంట్ టెక్నికల్ ఆఫీసర్. ఈ రెండో ఆయన్ని పొట్టిగా ఆర్‌టీవో అంటారు. మన దగ్గర ఆర్‌టీవో అంటే బండి లైసెన్సు ఆఫీసు. కొత్తగా వచ్చిన తమ్ముడొకడు "ఆర్‌టీవో వస్తున్నాడు" అంటే బండి కాగితాలు అడుగుతాడేమో అనుకున్నాడు. కాదు నాయనా, నువ్వు కట్టిన ఇనుము లెక్కపెడతాడు.

వీటితోపాటు ఇంజినీర్లను నమోదు చేసి, తప్పు చేస్తే విచారించే ప్రొఫెషనల్ ఇంజినీర్స్ బోర్డు ఉంది. తాను చేయని పనిని, తన పర్యవేక్షణలో జరగని పనిని తనదిగా సంతకం చేసి ఇవ్వడం ఆ వృత్తి నియమాలకు విరుద్ధం. బోర్డు రిజిస్ట్రేషన్‌ను ఆపొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. ప్రాణాలు పోతే బోర్డుతో ఆగదు, కోర్టు దాకా పోతుంది.

రెండు సంతకాలు ఉన్నా కూలింది

చట్టం వచ్చింది కదా, ఇక సమస్య తీరిందా? తీరలేదు. 2017 జులై 14, తెల్లవారుజామున, అప్పర్ చాంగి దగ్గర పీఐఈ ఎక్స్‌ప్రెస్‌వేకు కలిపే కొత్త వయాడక్టు కడుతుండగా ఒక భాగం కూలింది. 31 ఏళ్ల చైనా కార్మికుడు చనిపోయాడు. 10 మందికి గాయాలయ్యాయి. మీలో కొందరికి ఆరోజు బాగా గుర్తుండే ఉంటుంది. ఊరినుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి.

కూలడానికి మూలం కార్బెల్స్. కార్బెల్ అంటే స్తంభం తల పక్కకు ముందుకు పొడుచుకొచ్చిన గూడు లాంటి భాగం. పెద్ద ప్రీకాస్ట్ బీములను దాని మీద కూర్చోబెడతారు. ఆ కార్బెల్స్ మోయాల్సినంత బరువు మోసేలా డిజైన్ కాలేదు. డిజైన్ చేసిన క్యూపీ తగిన జాగ్రత్త తీసుకోలేదని తేలింది. ఇక దాన్ని విడిగా సరిచూడాల్సిన అక్రెడిటెడ్ చెకర్ ఏం చేశాడు? సరిచూశానని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు, కానీ చట్టం అడిగిన రీతిలో ఆ ప్లాన్లనూ లెక్కలనూ పరిశీలించలేదు. కోర్టు ఇద్దరికీ జైలు శిక్ష వేసింది. డిజైన్ చేసినాయనకు ఏడాదిన్నర పైచిలుకు పడింది.

చూశారా, ఇక్కడ దొంగ ఇంజినీరు లేడు. దొంగ ముద్ర లేదు. ఇద్దరూ అర్హత ఉన్నవాళ్లే, అనుభవం ఉన్నవాళ్లే. కాగితం మీద అన్నీ సక్రమం. ఒక్కటే లేదు. రెండో మనిషి కూర్చొని చూసిన ఆ గంటలు లేవు. మొదటి మనిషి పొరపడితే రెండో మనిషి పట్టుకోవాలనే ఇద్దరిని పెట్టారు. రెండో మనిషి చూడకుండా సంతకం పెడితే ఉన్నది ఒక్కడి లెక్కే, పైన భరోసా మాత్రం ఇద్దరిది.

ఇంకో సంగతి. కూలకముందే కొన్ని కార్బెల్స్‌కు పగుళ్లు కనిపించాయి. పని మాత్రం ఆగలేదు. డ్రాయింగు మీద పడ్డ ముద్ర మన కళ్లను కూడా మూసేస్తుంది. "ఇంజినీరు సంతకం పెట్టాడు కదా, పగులు మామూలుదే అయ్యుంటుంది" అనుకుంటాం. కాగితానికీ కాంక్రీటుకూ మాట పడనప్పుడు కాంక్రీటు మాటే వినాలి.

"నేను గీయలేదు, ముద్ర ఒక్కటే నాది"

కోర్టుల్లో, బోర్డుల ముందు ఇంజినీర్లు తరచుగా చెప్పుకునే మాట ఇది. ఈ మాట చెల్లుతుందా అనేదానికి అమెరికాలో జరిగిన కేసు ఒకటి ప్రపంచమంతా ఇంజినీరింగు విద్యార్థులకు పాఠంగా చెప్తారు.

కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్. 1981 జులై 17 రాత్రి, లాబీలో జనం డ్యాన్సు చూస్తుండగా పైన వేలాడే రెండు నడకవంతెనలు కూలాయి. 114 మంది చనిపోయారు. రెండో అంతస్తు వంతెన, సరిగ్గా దాని పైన నాలుగో అంతస్తు వంతెన ఉండేవి. రెండింటినీ పైకప్పు నుంచి దిగే ఒకే పొడుగు రాడ్లకు వేలాడదీయాలని మొదటి డిజైన్. అంత పొడుగునా మరలు తిప్పడం కష్టమని ఉక్కు పని చేసే కంపెనీ వైపునుంచి మార్పు వచ్చింది. పైకప్పు నుంచి నాలుగో అంతస్తు వరకు ఒక రాడ్డు, నాలుగో అంతస్తు బీము నుంచి రెండో అంతస్తు వరకు ఇంకో రాడ్డు.

చూడ్డానికి చిన్న మార్పే. బావిలో తాడుకు ఇద్దరు మనుషులు వేలాడుతున్నారనుకోండి. ఇద్దరూ తాడునే పట్టుకుంటే ఎవరి బరువు వాళ్ల చేతుల మీదే. అదే కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్లు పట్టుకుంటే? పైవాడి చేతుల మీద ఇద్దరి బరువూ పడుతుంది. నాలుగో అంతస్తు బీము కింద ఉన్న నట్టు మీద అలాగే రెట్టింపు బరువు పడింది. అసలు డిజైనే చట్టం కోరిన బలానికి తక్కువ, దాని మీద ఈ రెట్టింపు.

ఆ మార్పున్న షాపు డ్రాయింగులు ఇంజినీరు ఆఫీసుకు వెళ్లాయి, ముద్ర పడి తిరిగొచ్చాయి. ఎవరూ ఆ ఒక్క కీలు లెక్క చేయలేదు. జాయింట్ల సంగతి ఉక్కు కంపెనీ చూసుకోవాలి, అది ఈ వృత్తిలో వాడుక అని ఇంజినీర్లు వాదించారు. వాదన నిలబడలేదు. ముద్ర ఎవరిదో బాధ్యత వాళ్లదే, దాన్ని ఇంకొకరి మీదికి నెట్టడానికి లేదన్నారు. మిస్సోరీ రాష్ట్రంలో ఇద్దరు ఇంజినీర్ల లైసెన్సులు రద్దయ్యాయి.

ఏది తప్పు, ఏది కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. లేకపోతే రేపటినుంచి మీరు ప్రతి ఇంజినీరునూ అనుమానంగా చూస్తారు.

ఇంజినీరు తన చేత్తో గీయకపోవడం తప్పు కాదు. ఏ ఆఫీసులోనైనా గీసేది డ్రాఫ్ట్స్‌మన్లు, జూనియర్లు. ఇంజినీరు మొదటినుంచి వాళ్లకు దారి చెప్తూ, మధ్యలో చూస్తూ, తప్పులు దిద్దిస్తూ, చివర ముద్ర వేస్తే అది న్యాయమైన ముద్ర. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడటమూ తప్పు కాదు. కాకపోతే సాఫ్ట్‌వేర్‌కు మనం ఏ బరువు ఇస్తే ఆ బరువే తెలుసు. స్లాబు మందం తప్పిస్తే తప్పు లెక్కనే అందంగా ప్రింటు తీసి ఇస్తుంది. ఇంకొకరు చేసిన డిజైన్‌ను తీసుకొని, మొత్తం మళ్లీ లెక్కగట్టి, మార్చాల్సింది మార్చి, ఇక నాదే పూచీ అని ముద్ర వేయడం కూడా వేరే సంగతి.

తప్పు ఏదంటే, పని అంతా అయిపోయాక, ఆ పని చేసినవాళ్ల మీద ఏ అధికారమూ లేని ఇంజినీరు దగ్గరికి కాగితాల కట్ట తీసుకుపోయి, ఇంతకింత అని ముద్ర కొనుక్కోవడం. అక్కడ అమ్ముడుపోయేది ఇంజినీరింగు కాదు, పేరు.

ఇది ఎందుకు జరుగుతుందో మనకు తెలియంది కాదు. డిజైన్ చేయించడానికి రోజులు పడతాయి, డబ్బులు అవుతాయి. ముద్ర వేయించడానికి పూట చాలు. కాంట్రాక్టర్‌కు కాంక్రీటు పోసే తేదీ దగ్గర పడుతుంటుంది. ఇంజినీరుకు ఇంకో పది ప్రాజెక్టులుంటాయి. "మీకెందుకు సార్, ఇది మేం ఎన్నోసార్లు కట్టిందే" అనే మాట ఒకటి తయారుగా ఉంటుంది. ఇందులో ఎవరూ రాక్షసులు కారు. తలా కొంచెం తొందర, తలా కొంచెం మొహమాటం. కూలిన తర్వాత మాత్రం ఆ కొంచెం ఎవరిదో తేల్చడానికి ఏళ్లు పడుతుంది.

సైట్లో మనం చూడగలిగింది

"మేం లెక్కలు చూడలేం కదా అన్నా" అంటారు. నిజమే. లెక్క చూడక్కర్లేదు. డ్రాయింగు మూలన ఉండే గడులు చూడండి చాలు. ప్రాజెక్టు పేరు మనదేనా? ఏ బ్లాకు, ఏ లెవెల్? రివిజన్ నంబరు ఎంత, ఇంతకంటే కొత్తది ఇంకొకటి ఉందా? తేదీ ఎప్పటిది? ముద్రలో ఉన్న పేరు చదవగలుగుతున్నామా? చేత్తో ఏమైనా దిద్దితే దాని పక్కన సంతకం ఉందా?

ముఖ్యంగా తాత్కాలిక పనులు. శాశ్వత భవనం డ్రాయింగులు చాలామంది చేతులు దాటి వస్తాయి. సెంట్రింగ్, పరంజా డ్రాయింగులు అంతమంది చూడరు. మనుషులు ఎక్కువగా పోయేదేమో వాటి దగ్గరే. ఇక్కడి నిర్మాణ భద్రతా నిబంధనల ప్రకారం ఫార్మ్‌వర్క్ ఎత్తు 9 మీటర్లు దాటినా, స్లాబు గానీ బీము గానీ 300 మిల్లీమీటర్ల మందం దాటినా ప్రొఫెషనల్ ఇంజినీరు డిజైన్ ఉండాలి. కాంక్రీటు పోసేముందు, కట్టింది డిజైన్ ప్రకారమే ఉందని ఆయన సర్టిఫికెట్ ఇవ్వాలి.

నేను పనిచేసిన ఒక సైట్లో జరిగింది చెప్తాను. సబ్‌కాంట్రాక్టర్ ఫార్మ్‌వర్క్ డ్రాయింగు తెచ్చాడు. ముద్ర ఉంది, సంతకం ఉంది. మా స్లాబు 350 మిల్లీమీటర్లు. డ్రాయింగులో 200 అని ఉంది. గ్రిడ్ లైన్ల అక్షరాలు కూడా మావి కావు. ప్రాప్‌లు 1.2 మీటర్లకు ఒకటి చొప్పున చూపించారు. మా ఫోర్‌మన్ మెదక్ ఆయన, పెద్ద చదువు లేదు. "సార్, ఇది మన ఇంటి పెళ్లి కార్డు కాదు, పక్కింటిది" అన్నాడు. కాంక్రీటు లారీలు మర్నాటికి బుక్కయి ఉన్నాయి. పని ఆపి రాతపూర్వకంగా అడిగాం. ఆ ఇంజినీరుకు ఫోను చేస్తే ఆయన మొదట అడిగింది, అది ఏ ప్రాజెక్టు అని. రెండు రోజులు పట్టింది. కొత్త డ్రాయింగు వచ్చింది, ప్రాప్‌ల దూరం 0.9 మీటర్లకు తగ్గింది, అడ్డకట్లు పెరిగాయి. రెండు రోజుల ఆలస్యానికి మాటలు పడ్డాం. మాటలే కదా పడ్డాయి.

ఆ ఫోర్‌మన్ లెక్కలేమీ చేయలేదు. చదివాడు, అంతే.

అడిగితే ఉద్యోగం పోతుందేమో అనే భయం ఉంటుంది. వర్క్ పర్మిట్ మీద బతికేవాళ్లం, అప్పు చేసి వచ్చినవాళ్లం, ఆ భయం నాకూ తెలుసు. అందుకే ఒక్కడే పోయి గొడవ పడొద్దు. ముందు సూపర్‌వైజర్‌కు, సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. వీలైనంత వరకు మెసేజ్ రూపంలో, ఫొటోతో చెప్పండి. వినకపోతే కార్మిక శాఖ ఎంఓఎంకు, భవనం బలం విషయమైతే బీసీఏకు తెలియజేసే దారులున్నాయి. భద్రత విషయంలో తనిఖీ అధికారికి సాయం చేసినందుకు కార్మికుణ్ని తీసేయడం ఇక్కడి చట్టంలో నేరం. ఎలా రాయాలో తెలియకపోతే మన వేదిక వాళ్లను అడగండి. ఇంగ్లీషులో రాసిపెట్టేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

మన సంతకం సంగతి

ఇంజినీర్ల గురించి ఇంత మాట్లాడి మన సంతకాల గురించి మాట్లాడకపోతే న్యాయం కాదు. టూల్‌బాక్స్ మీటింగు కాగితం చేతులు మారుతుంటుంది, హాజరుకాని దోస్తు పేరు కూడా పక్కవాడే రాసేస్తాడు. పర్మిట్ టు వర్క్ కాగితాలు వారానికి సరిపడా ఒకేసారి నింపి ఉంటాయి. సెంట్రింగ్ చెక్‌లిస్టులో పైనుంచి కిందిదాకా ఒకే పెన్నుతో ఒకే ఊపులో టిక్కులు. ప్రాప్‌ల దగ్గరికి పోనివాడు "ప్రాప్‌లు చూశాను" అని రాస్తే, ఆ అక్రెడిటెడ్ చెకర్ చేసినదానికీ దీనికీ తేడా జీతంలోనే.

ప్రమాదం జరిగితే మొదట సీజ్ చేసేది ఆ కాగితాలే. మీ సంతకం ఉన్న కాగితం మీరు చూశారనే సాక్ష్యం చెప్తుంది. చూడకపోతే పెట్టకండి. "చూసొచ్చి పెడతా సార్" అనండి. ఇంత చిన్నమాట చెప్పడానికి చట్టం చదవక్కర్లేదు.

డిప్లొమా చదివిన తమ్ముళ్లకు వేరుగా ఒకమాట. కొందరిని రాత్రిపూట డ్రాయింగులు గీసిపెట్టమని అడుగుతున్నారు. షీటుకు ఇంత అని ఇస్తారు. ముద్ర ఎవరో వేసుకుంటారు, నీకెందుకు అంటారు. గీయడం వరకు తప్పులేదు. కానీ ఆ ముద్ర వేసే ఇంజినీరు ఎవరో నీకు తెలియకపోతే, ఆయన ఒక్కసారన్నా నిన్ను ఒక్క ప్రశ్నన్నా అడగకపోతే, నీ గీతను ఎవరూ సరిచూడటం లేదని అర్థం. పైగా వర్క్ పాస్‌లో ఉన్న యజమానికి కాకుండా బయట పనిచేయడం నీ పాస్‌కే ముప్పు. ఆ డబ్బు వద్దు. చదువు ముందుకు తీసుకుపో, ఆర్‌టీవోగా అక్రెడిటేషన్‌కు ప్రయత్నం చెయ్యి. నీ పేరుతో నువ్వు నిలబడే దారి అది.

ఊళ్లో కట్టుకునే ఇల్లు

చివరిగా ఇంటి సంగతి. ఇక్కడ ఎండలో మాడి పంపిన డబ్బుతో మనవాళ్లలో చాలామంది ఊళ్లో కట్టేది ఇల్లే. ఆ ఇంటి ప్లాను ఎలా తయారవుతోంది? పట్నంలో ప్లాన్లు గీసే షాపుకు బావమరిదో తమ్ముడో పోతాడు. వాస్తు చూపిస్తారు, ఎలివేషన్ రంగుల బొమ్మ చూపిస్తారు. అనుమతి కాగితాల మీద లైసెన్సున్న ఇంజినీరు సంతకం ఉంటుంది. ఆ ఇంజినీరు మన జాగా చూశాడా, మట్టి చూశాడా, కాలమ్ సైజు లెక్కగట్టాడా అని అడిగేవాళ్లు తక్కువ. కాలమ్‌లో ఎన్ని రాడ్లు వేయాలో మేస్త్రీ చెప్తాడు. రెండంతస్తులకు వేసిన పునాది మీద మూడోది లేపుతారు.

మన దేశంలో ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది. ఇంజినీర్లందరినీ నమోదు చేసి, ముద్రకు జవాబుదారీ చేసే అలాంటి జాతీయ చట్టం లేదు. మున్సిపాలిటీలు, అభివృద్ధి సంస్థలు ఇచ్చే లైసెన్సులే ఆధారం. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో, 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తోంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే ఏమిటి? చూసే అధికారి ముందు లేడు, సంతకమే అధికారి. ఆ సంతకం ఉత్తదైతే మన ఇంటికి కాపలా ఎవరూ లేనట్టే.

అందుకని ఊరికి ఫోను చేసినప్పుడు "ఎలివేషన్ బాగుందా" అని అడిగే ముందు "స్ట్రక్చరల్ డ్రాయింగు ఉందా, చేసిన ఇంజినీరు నంబరు పంపు" అని అడగండి. మట్టి పరీక్ష చేయించమనండి. స్లాబు వేసేముందు ఆ ఇంజినీరు వచ్చి ఇనుము చూసి పోవాలని మొదటే మాట్లాడుకోండి, దానికి ఫీజు ఇవ్వండి. గ్రానైటులో, గేటులో తగ్గించుకోండి, ఇందులో వద్దు. తక్కువకు వస్తుందని ముద్ర కొనేది మనమే అయితే, ముద్ర అమ్మేవాణ్ని తిట్టే హక్కు మనకు ఉండదు.

ఈ సమావేశంలో ఇంజినీర్లు కూడా కొందరు కూర్చున్నారు. వాళ్లను గౌరవంగా ఒకటే కోరుతున్నాను. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. డ్రాయింగు మూలలో ఏముంటుందో, ఫార్మ్‌వర్క్ డ్రాయింగులో ఏం చూడాలో మన ఫోర్‌మన్లకు, చార్జ్‌హ్యాండ్లకు తెలుగులో చెప్పండి. గది, టీ ఖర్చు వేదిక చూసుకుంటుందని కార్యదర్శిగారు ఇందాక మాట ఇచ్చారు. రావాలనుకునేవాళ్లు బయట బల్ల దగ్గర పేరు, డార్మిటరీ, సెలవు ఉండే వారం రాసి వెళ్లండి.

పేరు మాత్రం ఎవరిది వాళ్లే రాయండి. పక్కవాడి పేరు మీరు రాయొద్దు.